అలిగిన అత్త బండ

గుట్టకింది చెరువులో ఉన్న పెద్ద బండ వానాకాలంలో ఏనుగు. ఎండాకాలంలో గీత వాళ్ల అత్త.

ఇందులో గీత తప్పేమీ లేదు. బచ్చన్నపేట దాటి దేవ్యా తండాకు పోయే దారిలో, గుట్టను ఆనుకుని ఉంటుంది ఆ చెరువు. దాని ఒడ్డు పొడవునా ఎవరూ చెక్కని బండలు. గాలీ నీళ్లూ ఎన్ని వేల ఏళ్లు కూలి లేకుండా పనిచేశాయో గానీ, ఒకటి తాబేలు, ఒకటి బోర్లించిన గంప, ఒకటి గొంగడి కప్పుకుని కూర్చున్న గొర్లకాపరి. అన్నిటికంటే పెద్దది ఏనుగుబండ. చెరువు నిండుగా ఉన్నప్పుడు తొండం ముంచి నీళ్లు తాగుతున్న ఏనుగే అది. చెవి, నుదురు, వీపు, ఏ లోటూ ఉండదు. కానీ యాసంగి వరికి తూము తీశారంటే నీళ్లు దిగిపోతాయి. అప్పుడు తొండం కింద ఒక నెర్రె, ఆ నెర్రె కింద ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం బయటపడతాయి. ఇక అది తొండం కాదు, ముక్కు. పెదాలు బిగించి, గడ్డం ముందుకు పెట్టి, లోకం మొత్తాన్ని తప్పు పడుతున్న ముసలమ్మ. మొదటిసారి దాన్ని చూసినప్పుడు గీత పడవలోనే కొంగు సర్దుకుని నిలబడింది. అంత పోలిక.

పడవ చేపల సొసైటీ వాళ్లది. మోటారు నడిపేది ఐలేశ్. బండలు చూపించి కథలు చెప్పేది గీత. వానాకాలం నుంచి చలికాలం దాకా జనగామ నుంచీ, అవతల వరంగల్ నుంచీ జనం ఏనుగును చూడటానికి వచ్చేవారు. ఏనుగు పోగానే జనమూ పోయేవారు. ఇక వానలు పడేదాకా పడవ కట్టేద్దామని సొసైటీ పెద్దలు అనుకుంటున్న రోజుల్లో గీత ఒక కథ అల్లింది.

ఒక అత్త ఉండేదట. కోడలు వండిన కూరలో ఉప్పెక్కువైందని అలిగి వచ్చి చెరువు ఒడ్డున కూర్చుందట. కొడుకు బతిమాలాడు, లేవలేదు. ఊరంతా బతిమాలింది, లేవలేదు. కోడలు మాత్రం బతిమాలలేదు. అలిగీ అలిగీ అత్త బండైపోయింది. ఏటా నీళ్లు తగ్గగానే తల పైకెత్తి కోడలి బుద్ధి మారిందా అని చూస్తుంది.

ఇంతవరకు చెప్పి గీత పడవలోని ఆడవాళ్ల వంక తిరిగేది. "మీ అత్తలకు చెప్పలేని మాట ఏమన్న కడుపుల ఉంటే గీ అత్తకు చెప్పుర్రి. తిరిగి ఒక్క మాటనది. అంటెనా, మీరన్న మాటే మీకంటది."

ఎదురుగా నిట్టనిలువు గుట్ట. అరిస్తే గొంతు వెనక్కి వస్తుంది.

మొదట అరిచింది లింగాల ఘనపూర్ నుంచి వచ్చిన కొత్త కోడలు. "కూరల ఉప్పు నేను కావాల్ననే ఏసిన!" అంది. గుట్ట "ఏసిన" అని ఒప్పుకుంది. పడవ ఊగిపోయేలా నవ్వారు. ఆ మరుసటి వారం ఆమె తన తోటికోడళ్లను తీసుకొచ్చింది. ఆ పై వారం నుంచి ఆదివారాలు ఆడవాళ్లవే అయిపోయాయి. "నీ కొడుకు గురక ఇంటే బర్రెలు బెదురుతయి!" అని ఒకరు, "టీవీ రిమోట్ పోలే, నేనే బియ్యం డబ్బల దాసిన!" అని ఇంకొకరు. స్టేషన్ ఘన్‌పూర్‌లో పిల్లలకు లెక్కలు చెప్పే పద్మలత టీచర్ అయితే వారం వారం వస్తుంది. ఆమెకు అరవడానికి ఇంకా మిగిలే ఉందట. ఐలేశ్ ఒక్కడే మగవాడు కాబట్టి చెవుల్లో పత్తి పెట్టుకోవాలని అందరూ కలిసి తీర్మానించారు. నీళ్ల మీద అన్న మాట గట్టెక్కకూడదని కూడా అనుకున్నారు.

ఈ రెండో కట్టుబాటు మీదే గీత బతుకు నిలబడి ఉంది. ఎందుకంటే తండాలో కోడళ్లందరూ ఆ పడవెక్కారు. ఆ బండ ఎవరో అందరికీ తెలుసు. తెలియనిది గీత అత్త లచ్చికి ఒక్కదానికే.

లచ్చి ఇప్పటికీ అద్దాల రైక తొడిగి, తల నిండా కొంగు కప్పుకునే పాతకాలపు మనిషి. ఇంట్లో గిన్నె కదలాలన్నా ఆమె మాట కావాలి. గీత మొగుడు దినేశ్ హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు. రెండేళ్లు దాటిన కూతురు సాహితిని లచ్చి చంకనేసుకుంటుంది కాబట్టే గీత పడవ దాకా పోగలుగుతుంది. అలాంటి అత్త ముక్కును చూపించి జిల్లా మొత్తాన్ని నవ్విస్తోంది కోడలు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా గీతకు ఒక పక్క భయం, ఇంకో పక్క నవ్వు. నవ్వే ఎక్కువ.

ఆ నవ్వు కాస్తా లచ్చి చెల్లెలు నీలి వచ్చిన రోజు ఆగిపోయింది.

నీలిది మహబూబాబాద్ దగ్గరి తండా. దారిలో ఎవరో ఆమెకు ఆడవాళ్ల ఆదివారం గురించి చెప్పారు. వస్తూనే, "మీ కోడలు పడవల నన్ను గూడ తిప్పుమను" అంది. లచ్చి రొట్టె కాలుస్తూ ఒక్క క్షణం ఆలోచించింది. వాళ్లు ఇంట్లో మాట్లాడేది తమ లంబాడీ భాషే. అది తెలుగులో చెబితే ఇలా ఉంటుంది.

"నేను గూడ వస్త. పిల్లను నా మీద ఇడిసిపెట్టి గీమె చేసే కొలువేందో ఒకసారి జూస్త. మంచిగుంటే సరే. లేకుంటే సోమవారం బస్సెక్కి దినేశ్ కాడికి పోతది. మొగడొక్క తాన, పెండ్లమొక్క తాన ఏంది?"

గీత చేతిలో పిండి ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

హైదరాబాద్ ఆమెకు తెలియనిది కాదు. పెళ్లయిన కొత్తలో కట్టీకట్టని భవనం కింద, టార్పాలిన్ చాటున దినేశ్‌తో కాపురం చేసింది. ఇసుక మోసింది. అక్కడ ఆమెను "ఓ అమ్మా" అనేవాళ్లే తప్ప పేరడిగినవాళ్లు లేరు. ఇక్కడ ఆమె వేలు చూపిస్తే పడవలో ఉన్న తలలన్నీ అటు తిరుగుతాయి. ఆమె ఆగితే ఊపిరి బిగబడతారు, ఆమె కన్ను కొడితే నవ్వుతారు. తన గొంతుకు అంత బలం ఉందని గీతకు పడవెక్కేదాకా తెలియదు. దాన్ని వదులుకుని మళ్లీ ఇసుక గంప నెత్తికెత్తుకోవడం ఆమె వల్ల కాదు.

శనివారం పొద్దున్నే చెరువు దగ్గరికి పరుగెత్తింది. "ఐలేశన్నా, రేపు మా అత్తొస్తున్నది. బండను మాయం చెయ్యాలె."

ఐలేశ్ బండ వంక చూశాడు, గీత వంక చూశాడు. "ఏం, సంకల వెట్టుకపొమ్మంటవా చెల్లె?"

"జర ఆలోచన చెయ్యే. పోనీ, అటుదిక్కు పోకుండ తాబేలు కాన్నుంచే మలుపు."

"గట్ల మలిపితే టీచరమ్మ నన్ను నీళ్లల్ల ఏస్తది."

చివరికి ఇద్దరూ కలిసి ఒక ఉపాయం తీశారు. గడ్డం కనపడకపోతే ముక్కు మళ్లీ తొండమవుతుంది. సొసైటీ కొట్టంలో చిరిగిన పాత వల ఒకటి పడి ఉంది, నీలం రంగుది. దాన్ని పడవలో వేసుకుపోయి, బండ నెత్తిన ఒక కొస ముడి వేసి, రెండో కొస ముక్కు కిందుగా తెచ్చి గడ్డం మీద కప్పి, దాని మీద తుమ్మకొమ్మలు కుప్పేశారు. దూరం నుంచి చూస్తే ఏనుగు గడ్డి మేస్తున్నట్టే ఉంది. ఐలేశ్ చేతులకు ముళ్లు గుచ్చుకున్నాయి గానీ, పని మాత్రం తృప్తిగా ఉందన్నాడు. గీత ఆ రోజు నిశ్చింతగా అన్నం తిన్నది.

ఆదివారం పడవ నిండింది. లచ్చి లైఫ్ జాకెట్ వేసుకోనంది. రైక మీది అద్దాలు పగులుతాయట. ఐలేశ్ దండం పెట్టి బతిమాలితే చివరికి ఒప్పుకుంది గానీ, అద్దాల మీద ఆ నారింజ రంగు జాకెట్, దాని మీద మళ్లీ కొంగు, చంకలో చిన్న జాకెట్ తొడుక్కున్న సాహితి, అన్నీ కలిసి పడవలో సగం చోటు ఆమెదే అయింది.

"అత్తా, నువ్వు గీడ కూసో. ఎండ కొట్టది" అని గీత ఆమెను బండకు వీపు వచ్చే పక్కన కూర్చోబెట్టబోయింది.

"వీపు దిక్కు పోతే నాకు కడుపుల తిప్పుతది" అని లచ్చి లేచిపోయి అందరికంటే ముందు, నీలి పక్కన కూర్చుంది.

గీత తాబేలును చూపించింది. తాబేలుకు మామూలుగా రెండు మాటలు చాలు. ఆ రోజు దాని పుట్టుక, పెళ్లి, సంసారం అన్నీ చెప్పింది. గంపకు పాట పాడింది. గొర్లకాపరి దగ్గర పడవ ఆపించి అతని గొర్లెన్నో ఊహించమంది. పద్మలత టీచర్ విసుక్కుంది. "గీతా, గొర్లను లెక్కవెట్టనీకె వచ్చినమా? అత్త కాడికి పోనియ్యి."

"ఏ అత్త?" అంది లచ్చి.

"బండ పేరు అవ్వా, బండ పేరు" అన్నాడు ఐలేశ్ తొందరగా. అని, మోటారు వేగం పెంచి మలుపు తిప్పాడు. తిప్పి, "సచ్చినం చెల్లె" అన్నాడు.

రాత్రి గాలి వీచింది. తుమ్మకొమ్మలన్నీ నీళ్లలో పడిపోయాయి. గడ్డం మీద ఉండాల్సిన వల వెనక్కి జారి, నెత్తి మీది ముడి నుంచి చెంప పక్కగా భుజం దాకా దిగింది. అంటే నీలం కొంగు కప్పుకుంది బండ. ఇన్నాళ్లూ పోలికలో ఏదో కాస్త తక్కువగా ఉండేది. ఆ కాస్త కూడా గీత తన చేతులతోనే పూర్తి చేసింది.

"గీతా! ఈ వారం కొంగు గూడ కప్పినవా! ఇగ అచ్చం మీ…" అంటూ చప్పట్లు కొట్టబోయిన పద్మలత టీచర్, ముందున్న లచ్చిని చూసి మాట మింగేసింది. పడవలో ఉన్న ఆడవాళ్లంతా బండను చూశారు, లచ్చిని చూశారు, మళ్లీ బండను చూశారు. ఆపైన ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నారు.

"గిది ఏనుగు" అంది గీత. "నీళ్లు తాగుతది. తాగి… మల్ల తాగుతది."

లచ్చి మెల్లగా లేచి నిలబడింది. చంకలో పిల్లతోనే. గీతకు సోమవారం బస్సు కళ్ల ముందు కనపడింది, అందులో కిటికీ పక్క సీటు కూడా కనపడింది.

"ఐలేశూ, మోటరు బందువెట్టు" అంది లచ్చి. పెట్టాడు. నీళ్ల చప్పుడు మాత్రం మిగిలింది.

"నీలీ. గా బండను జూడు. ఎవరు?"

నీలి కళ్లు చికిలించి చూసి, రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. "మేనత్త! అక్కా, రుక్కి మేనత్త!"

గీత నోరు తెరిచింది. రుక్కి అంటే లచ్చి తండ్రికి తోడబుట్టిన అక్క. ఆమె కొడుకునే లచ్చి చేసుకుంది కాబట్టి మేనత్తే అత్తయింది. గీత కాపురానికి రాకముందే పోయిన మనిషి, ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఆ ముక్కూ ఆ గడ్డమూ ఆ ఇంటివే. మేనత్తవి మేనకోడలికి వచ్చాయి. లచ్చి రైక నిండా అద్దాలే ఉన్నా, మనిషికి తన మొహం పక్క నుంచి ఎలా ఉంటుందో ఏ అద్దమూ చెప్పదు.

పద్మలత టీచర్‌కు ప్రాణం లేచి వచ్చింది. "అవ్వా, నువ్వు ఏమన్న అనాలంటే అనచ్చు. గీడ ఎవ్వరేమనరు. గట్టిగ అనాలె."

"అనచ్చా?" అని లచ్చి గీతను అడిగింది. ఆమె కోడలిని ఏదైనా అడగడం గీతకు కొత్త.

"అనచ్చు అత్తా."

లచ్చి తల మీది కొంగు వెనక్కి తోసింది. ఆమె కోడలుగా ఉన్న రోజుల్లో అత్త ముందు కొంగు తీయడం కాదు కదా, గొంతెత్తడం కూడా లేదు. ఊపిరి పీల్చి, తమ భాషలో అందుకుంది. తెలుగు ఆడవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా అందరూ తలలూపారు.

"నా ఎండి కడియాలు నువ్వేసుకోని సంతకు పోయినవ్! పోయి, నావే అని అందరికి చూపిచ్చినవ్! నాకు జరమొస్తే యాక్టింగన్నవ్, నీకు తుమ్మొస్తే దవాఖాన అన్నవ్! నేను చేసిన రొట్టె మాడిందన్నవ్, మాడినయే మూడు తిన్నవ్!"

సాహితి చప్పట్లు కొట్టింది. లచ్చికి ఊపొచ్చింది.

"నా చెల్లె పెండ్లికి నన్ను పంపలే! మిరపకాయ ఎవరేరుతరన్నవ్!"

"అక్కా!" నీలి ఆమె చెయ్యి పట్టుకుంది. "గందుకా నువ్వు రాంది? నువ్వే రానన్నవని మేనత్త చెప్పె. గప్పటిసంది నీ మీద మనసుల పెట్టుకోని తిరుగుతున్ననే!"

గుట్ట నుంచి తిరిగి వచ్చిన తన మాటే లచ్చి చెవుల్లో ఇంకా మోగుతోంది. మిరపకాయ ఎవరేరుతరు, ఎవరేరుతరు అని. ఆమె ఆ చప్పుడు ఆగేదాకా విన్నది. నిరుడు గీత తమ్ముడి లగ్గం కుదిరినప్పుడు, గీత పోతానంటే, "పత్తి ఎవరేరుతరు?" అన్నది ఆమే. గీత అది మరిచిపోలేదు. లచ్చి మరిచిపోయింది, ఇప్పటిదాకా.

పక్కన నీలి కన్నీళ్లు తుడుచుకుంటూనే కిసుక్కున నవ్వింది.

"ఏందే?"

"ఏం లేదక్కా. మేనత్త ముక్కు మనింట్ల ఎవరికొచ్చిందా అని చూస్తున్న."

లచ్చి తన ముక్కును పట్టుకుని చూసుకుంది, కనుబొమల మధ్య నుంచి కొస దాకా. ఆ దూరం తక్కువేమీ కాదు. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"గీతా. గీ బండను జూసి తండోల్లు ఎవరంటరే?"

"ఏనుగంటరు అత్తా."

"ఎండకాలం?"

గీత ఐలేశ్ వంక చూసింది. కథ రంజుగా ఉందని చెవుల్లోంచి తీసిన పత్తిని అతను మళ్లీ గబగబా కుక్కుకుంటున్నాడు. దాక్కోవడానికి చోటు లేదు, చుట్టూ నీళ్లే.

"నువ్వంటరు అత్తా. మొదలన్నది నేనే."

లచ్చి తిడుతుందని అందరూ ఎదురుచూశారు. ఆమె మళ్లీ బండ వంక తిరిగింది. మాట్లాడినప్పుడు ఆమె గొంతు గీత ఎరగని గొంతు.

"ఆమె నన్ను తిట్టినప్పుడల్ల ఎనకకు పోయి ఏడ్సేదాన్ని. నాకు కోడలొస్తే గిట్ల ఉండ అనుకునేదాన్ని. సేవాలాల్ దేవుని మీద ఒట్టు గూడ వెట్టుకున్న. ఎప్పుడు మర్సిన్నో ఏమో, ఎర్కనే లేదు."

గీతకు ఏడుపొచ్చింది. ఇన్ని వారాలు ఆ ముక్కును చూపించి అందరినీ నవ్వించినందుకు సిగ్గేసింది. ఆ బిగించిన పెదాల వెనక ఏముందో తాను ఒక్కసారి కూడా కథలో పెట్టలేదు.

"ఇగ నువ్వు ఒర్రు" అంది లచ్చి.

"నేనా? నువ్వు పక్కనే ఉన్నవ్ గద అత్తా."

"ఉన్న గనకనే ఒర్రు. నాకు ఇనవడాలె."

గీత లేచింది. ఇన్నాళ్లూ అందరి చేత అరిపించిందే తప్ప తాను ఎప్పుడూ అరవలేదు. అత్త వంక చూస్తూ అరవలేక బండ వంక తిరిగింది. అలవాటు కొద్దీ తెలుగే వచ్చింది.

"నేను హైదరాబాద్ పోను అత్తా! నాకు గీ పడవనే కావాలె! నీకు నడుం నొస్తదని నాకెర్క, అయినా పిల్లను నువ్వే జూడాలె!"

గుట్ట "జూడాలె" అంది. ఈసారి తెలుగు ఆడవాళ్లందరికీ అర్థమైంది. పద్మలత టీచర్ ముక్కు చీదింది.

లచ్చి కోడలిని పైనుంచి కిందిదాకా చూసింది. "గిది ఎవరి సంకల ఉన్నదే?" అంది సాహితిని ఎగదోసుకుంటూ. "పుట్టినకాన్నుంచి ఎవరు జూస్తుర్రు? సూడు సూడు అని బండకు జెప్తవేంది, నాకు చెవులు లెవ్వా?"

"మరి రేపు బస్సెక్కుమంటివి గదా అత్తా."

"నేనా?" లచ్చి పెదాలు బిగించింది. గడ్డం ముందుకొచ్చింది. పడవలో ఉన్నవాళ్లందరికీ నవ్వు ఆపుకోవడం ప్రాణం మీదికొచ్చింది. "నేనెందుకంటనే? గా బండ అన్నదేమో. దాన్నే అడుగు."

అనేసి పిల్ల జాకెట్ తాడు బిగించి, పోనిమ్మని ఐలేశ్‌కు చెయ్యి ఊపింది.